పాత ఐపాడ్ క్లాసిక్ 160 జీబీ: పాటకి వంక లేదు, సింకే తలనొప్పి

ముందే చెప్పేస్తాను, వస్తువు నాకు నచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో ఆపిల్ వాళ్ల పాత మ్యూజిక్ ప్లేయర్ ఐపాడ్ క్లాసిక్ దొరుకుతోంది, కొనొచ్చా అని అడిగితే కొనొచ్చనే అంటాను. కాకపోతే కంప్యూటర్‌కి తగిలించగానే పాటలు వాటంతటవే ఎక్కేస్తాయన్న ఆశతో మాత్రం కొనకండి. ఈ రివ్యూలో సగానికి పైగా సింక్ గోలే, అంటే కంప్యూటర్‌లోని పాటల్ని ఇందులోకి ఎక్కించే గోలే ఉంటుంది, ఎందుకంటే కొన్నవాళ్లంతా తిట్టుకునేది దాన్నే, పైగా తప్పు ఒకచోట ఉంటే వెతికేది ఇంకోచోట. సింక్ అవ్వలేదా, వెంటనే పాటలెక్కించే ఆపిల్ ప్రోగ్రామ్ ఐట్యూన్స్ తీసేసి మళ్లీ ఎక్కించు. మళ్లీ అవ్వలేదా, విండోస్ మార్చు. ఒక పూటంతా ఇలా గడిపేశాక కూడా కేబుల్ మీద ఎవరికీ అనుమానం రాదు.

నేను మాట్లాడుతున్నది 2009 సెప్టెంబర్‌లో వచ్చిన 160 జీబీ మోడల్ గురించి. క్లాసిక్ అనే పేరుతో మొదటిది 2007లో వచ్చింది, 2014 సెప్టెంబర్‌లో మొత్తానికే ఆపేశారు. అంటే ఇప్పుడు మీ చేతికొచ్చే ఏ పీస్ అయినా పదేళ్లు దాటిందే, "అసలు వాడలేదు సార్, సీల్ మాత్రమే తీశాం" అన్నదైనా సరే. లోపల 1.8 అంగుళాల హార్డ్ డిస్క్ తిరుగుతూ ఉంటుంది, ఈ కాలం ఫోన్‌లలో ఉండే మెమరీ చిప్ కాదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే తర్వాత చెప్పేవి సగం వాటంతటవే అర్థమవుతాయి.

ఇప్పుడు దీనితో ఏం పని, ఫోన్‌లో అన్ని పాటలూ ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, నా పాటలు లేవు. మా నాన్నగారి దగ్గర పెట్టెడు క్యాసెట్లు ఉండేవి, ఊళ్లో జరిగిన పద్యనాటకాలు, హరికథలు, బుర్రకథలు, కొన్ని ఆయన టేప్ రికార్డర్ పట్టుకెళ్లి స్వయంగా రికార్డు చేసినవి. అవన్నీ ఓపిగ్గా ఎంపీ3లుగా మార్చి పెట్టుకున్నాను. నెలనెలా డబ్బు కట్టే ఏ యాప్‌లోనూ అవి దొరకవు. వాటికి తోడు ఎప్పుడో డౌన్‌లోడ్ చేసుకున్న పాత సినిమా పాటలు వేలల్లో ఉన్నాయి. ఇవన్నీ ఒకచోట ఉండి, మధ్యలో ఫోన్ మోగకుండా, నెట్ అవసరం లేకుండా వినాలంటే దీన్ని మించింది నాకు కనపడలేదు. క్లిక్ వీల్ మీద బొటనవేలు గుండ్రంగా తిప్పుతుంటే పేర్లు సర్రున జారిపోతాయి చూడండి, వేల పాటల్లో కావాల్సినది పట్టుకోవడానికి అంతకంటే మంచి పద్ధతి టచ్ స్క్రీన్ వచ్చాక కూడా ఎవరూ కనిపెట్టలేదు. బస్సులో నిలబడి, చెయ్యి జేబులోంచి తీయకుండానే పాట మార్చుకోవచ్చు. సౌండ్ గురించి పెద్ద పెద్ద వాదాలున్నాయి, 2007 ముందు మోడళ్లలో వోల్ఫ్‌సన్ చిప్ ఉండేది, క్లాసిక్‌లో సిర్రస్ లాజిక్ చిప్ పెట్టారు, పాతదే బాగుండేదని ఒక వర్గం ఇప్పటికీ పోట్లాడుతుంది. నా చెవులకి అంత తేడా తెలియలేదు. క్యాసెట్ నుంచి తీసిన హార్మోనియం శబ్దం శుభ్రంగా వినపడుతోంది, నాకది చాలు.

ఇక అసలు సంగతి.

అన్నిటికంటే ముందు ఇది పాటల్ని ఎలా దాచుకుంటుందో తెలియాలి. కంప్యూటర్‌కి తగిలిస్తే క్లాసిక్ ఒక మామూలు యూఎస్‌బీ డిస్క్‌లాగే కనిపిస్తుంది. డిస్క్‌గా వాడుకునే ఆప్షన్ ఆన్‌లో ఉంటే ఎక్స్‌ప్లోరర్‌లో తెరవొచ్చు, ఫోటోలో ఫైళ్లో వేసుకోవచ్చు. అయితే అందులోకి ఎంపీ3లు కాపీ చేసి పేస్ట్ చేస్తే ఏం జరుగుతుంది? ఏమీ జరగదు. ఫైళ్లు జాగా తింటూ కూర్చుంటాయి, మ్యూజిక్ మెనూలో ఒక్కటీ కనపడదు. ఎందుకంటే ఐపాడ్ ఫోల్డర్లని వెతకదు, ఐట్యూన్స్‌డీబీ అనే ఒక జాబితా ఫైలుంటుంది, అందులో పేరున్న పాటనే చూపిస్తుంది. గ్రంథాలయంలో రిజిస్టర్‌కి ఎక్కని పుస్తకం బీరువాలో ఉన్నా లేనట్టే కదా, అదీ లెక్క. ఐట్యూన్స్ చేసే పని రెండు ముక్కలు: దాచిపెట్టి ఉంచే ఒక ఫోల్డర్ కింద ఎఫ్00, ఎఫ్01 అంటూ వరసగా ఉండే ఫోల్డర్లలోకి పాటల్ని నాలుగక్షరాల పిచ్చి పేర్లతో సర్దేయడం, ఆ తర్వాత వాటి వివరాలు ఆ జాబితాలో రాయడం. ఈ రెండో పని పూర్తికాకుండా కేబుల్ పీకేస్తే పాటలు లోపలే ఉంటాయి, మెనూలో మాత్రం కనపడవు. స్టోరేజీలో "ఇతరాలు" అంటూ పదుల జీబీలు చూపిస్తుంటే చాలాసార్లు సంగతి అదే.

కాబట్టి సింక్ అవ్వట్లేదు అన్నప్పుడు అడగాల్సిన ప్రశ్న, ఎక్కడిదాకా వెళ్లి ఆగింది? కంప్యూటర్‌కి అసలు కనపడుతోందా, విండోస్‌కి కనపడి ఐట్యూన్స్‌కి కనపడట్లేదా, లేక రెండింటికీ కనపడి మధ్యలో ఆగుతోందా. మూడూ వేరు వేరు జబ్బులు, ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు.

మొదటిది కేబుల్ వ్యవహారం. ప్లేయర్‌తోపాటు నాకొక తెల్ల కేబుల్ ఇచ్చారు, పేరూ ఊరూ లేనిది. తగిలిస్తే చార్జింగ్ బొమ్మ వస్తుంది, బ్యాటరీ నిండుతుంది, కంప్యూటర్ మాత్రం ఉలకదు పలకదు. యూఎస్‌బీ కేబుల్‌లో నాలుగు తీగలుంటాయి, రెండు కరెంటుకి, రెండు డేటాకి. కొన్ని చవక కేబుళ్లలో ఆ డేటా తీగలు రెండూ ఉండవు, లేదా ఉన్నా వెంట్రుకంత సన్నంగా ఉండి వంచగానే తెగుతాయి. దీన్ని పట్టుకోవడం తేలిక. డేటా వెళ్తున్న కేబుల్ అయితే ఐపాడ్ స్క్రీన్ మీద డిస్‌కనెక్ట్ చేయవద్దనే హెచ్చరిక వస్తుంది, ఉత్త బ్యాటరీ బొమ్మే ఉంటే కరెంటు మాత్రమే వెళ్తోందన్నమాట. ఆ వెడల్పాటి 30 పిన్నుల కేబుల్ ఇప్పుడు మంచిది దొరకడమే కష్టం. పాత ఐఫోన్ 4 వాడిన వాళ్లని అడగండి, ప్రతి ఇంట్లో టీవీ కింద సొరుగులో ఒకటి పడి ఉంటుంది, నాకు మా బావగారింట్లో దొరికింది. కొత్తది కొంటే కనీసం వెనక్కి ఇచ్చే వీలున్నచోట కొనండి.

కేబుల్ మార్చినా కనపడకపోతే ఐపాడ్ అడుగున ఉన్న సాకెట్‌లో టార్చి వేసి చూడండి, ఏళ్ల తరబడి జేబుల్లో తిరిగిన వస్తువు, దూది నిండిపోయి ఉంటుంది. పొడిగా ఉన్న మెత్తటి బ్రష్‌తో నెమ్మదిగా తీయాలి, పిన్నీసుతో గీకకండి. డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్ట్ వదిలేసి వెనక మదర్‌బోర్డుకి నేరుగా ఉన్న పోర్ట్‌లో పెట్టండి, మధ్యలో హబ్ వద్దు. హార్డ్ డిస్క్ తిరగడానికీ బ్యాటరీ నిండడానికీ కరెంటు రెండూ ఆ ఒక్క తీగ నుంచే రావాలి, హబ్‌లో కీబోర్డూ మౌసూ ప్రింటరూ అన్నీ పంచుకున్నాక దీనికి మిగిలేదేముంటుంది. ల్యాప్‌టాప్‌లో అయితే పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అన్నది ఆపేయండి, లేకపోతే కరెంటు ఆదా పేరుతో విండోస్ మధ్యలో పోర్టుని నిద్రపుచ్చే అవకాశం ఉంది.

రెండో రకం, విండోస్ చూస్తుంది కానీ ఇబ్బంది పెడుతుంది. "ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి" అని అడిగిందా, కంగారుపడి ఓకే కొట్టకండి. అంతకుముందు వాడినాయన దాన్ని మ్యాక్‌తో సెట్ చేసుకుని ఉంటాడు. మ్యాక్‌లో ఫార్మాట్ చేసిన ఐపాడ్‌ని విండోస్ చదవలేదు, విండోస్‌లో ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేసినదాన్ని మాత్రం మ్యాక్ చక్కగా చదువుతుంది. లోపలున్న పాటలు మీకు అక్కర్లేకపోతే ఐట్యూన్స్‌లో రిస్టోర్ చేసేయండి, అదే ఫ్యాట్32గా మార్చుకుంటుంది. అక్కరుంటే ముందు ఎవరిదైనా మ్యాక్‌లో పెట్టి తీసుకోండి.

ఇందులోనే ఇంకో చిన్న చిక్కు ఉంది, ఆఫీసు ల్యాప్‌టాప్‌లు వాడేవాళ్లకి ఎక్కువ. డ్రైవ్ లెటర్ గొడవ. విండోస్ ఐపాడ్‌కి ఒక అక్షరం ఇవ్వాలి, అదే అక్షరం ఆఫీసు నెట్‌వర్క్ ఫోల్డర్‌కి అప్పటికే ఇచ్చి ఉంటే ఐపాడ్ ఎక్స్‌ప్లోరర్‌లో ప్రత్యక్షం కాదు, ఐట్యూన్స్‌కీ దొరకదు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి ఐపాడ్ మీద రైట్ క్లిక్ చేసి వేరే అక్షరం, వరసలో బాగా చివరిది, ఇస్తే వెంటనే లేచి కూర్చుంటుంది. ఇది తెలియక ప్లేయర్ పాడైందని అమ్మేసేవాళ్లున్నారు, నిజం చెప్పాలంటే అలాంటి పీస్ దొరికితే కొనేవాళ్లకి పండగే.

విండోస్‌కి బాగానే కనపడుతూ ఐట్యూన్స్‌కి మాత్రం కనపడట్లేదంటే అప్పుడు సాఫ్ట్‌వేర్‌ని అనుమానించడంలో న్యాయముంది. సర్వీసెస్‌లో ఐపాడ్ సర్వీస్ అనేది నడుస్తోందో లేదో చూడండి. ఇంకో సంగతి, 2024లో విండోస్‌కి ఆపిల్ మ్యూజిక్, ఆపిల్ టీవీ, ఆపిల్ డివైసెస్ అని మూడు వేరు వేరు యాప్‌లు వచ్చాయి. ఈ మ్యూజిక్ యాప్ ఎక్కించారంటే ఐట్యూన్స్ చేతిలో పాడ్‌కాస్టులూ ఆడియో పుస్తకాలూ తప్ప ఏమీ మిగలవు, పాటల పెత్తనం పోతుంది. పాత ఐపాడ్ కోసమే అయితే కొత్తవాటి జోలికి పోకుండా ఐట్యూన్స్ ఒక్కటే ఉంచుకోవడం హాయి. మ్యాక్ వాళ్లకి ఈ గోల లేదు, 2019లో మ్యాక్‌ఓఎస్ క్యాటలినా వచ్చినప్పటి నుంచి ఐట్యూన్స్ పోయి సింక్ అంతా ఫైండర్‌లోకి మారింది.

అన్నీ కుదిరాక ఐట్యూన్స్ ఒక ప్రశ్న వేస్తుంది: ఈ ఐపాడ్ వేరే లైబ్రరీతో ముడిపడి ఉంది, అందులోవన్నీ చెరిపేసి ఈ లైబ్రరీతో నింపమంటారా అని. ఇంట్లో ఒక కంప్యూటర్, ఆఫీసులో ఒక కంప్యూటర్ ఉన్నవాళ్లు హడావిడిలో అవునని నొక్కారంటే పాటలన్నీ గోవిందా. ఈ పద్ధతి నాకు మొదటి నుంచీ నచ్చదు. వస్తువు నాది, పాటలు నావి, ఒకే కంప్యూటర్‌కి కట్టుబడి ఉండాలని షరతేమిటి? దీనికి విరుగుడు, సమరీ పేజీలో పాటలు మాన్యువల్‌గా చూసుకుంటాననే గడిలో టిక్ పెట్టడం. అప్పుడు మీరు లాగి వేసిన పాటే ఎక్కుతుంది, తీసేస్తేనే పోతుంది. నేను వాడేది ఇలాగే.

ఇప్పుడు మూడో రకం, నా పీస్‌కి వచ్చిందీ ఇదే. సింక్ మొదలవుతుంది, కొన్ని వందల పాటలు చకచకా వెళ్తాయి, తర్వాత ఒకచోట నిలబడిపోతుంది, కాసేపటికి డిస్క్ చదవడం గానీ రాయడం గానీ కుదరలేదని మెసేజ్. చెవి దగ్గర పెట్టుకుంటే లోపల టిక్ టిక్‌మంటోంది. ఫైలు దోషం కూడా కావచ్చు కాబట్టి ముందు అది తేల్చుకోవాలి: అన్నీ ఒకేసారి కాకుండా చిన్న చిన్న ప్లేలిస్టులుగా చేసి పంపండి. ప్రతిసారీ ఒకే పాట దగ్గర ఆగితే ఆ పాట ఫైలే చెడిపోయింది, దాన్ని తీసేస్తే సరి. ఎక్కడపడితే అక్కడ ఆగుతుంటే డిస్క్.

డిస్క్ సంగతి అడగడానికి ఐపాడ్‌లోనే ఒక రహస్య గది ఉంది, కొనే ముందు ఇది చూడకుండా డబ్బులివ్వకండి. హోల్డ్ స్విచ్ ఒకసారి అటూ ఇటూ జరిపి, మెనూ బటన్, మధ్య బటన్ రెండూ కలిపి ఎనిమిది సెకన్ల పాటు పట్టుకోండి, స్క్రీన్ ఆరిపోయి ఆపిల్ గుర్తు వస్తుంది. రాగానే ఆ రెండూ వదిలేసి మధ్య బటన్, వెనక్కి వెళ్లే బటన్ కలిపి నొక్కి పట్టుకుంటే డయాగ్నోస్టిక్ మోడ్ తెరుచుకుంటుంది. మాన్యువల్ టెస్ట్ ఎంచుకుని, ఐఓ, అందులో హార్డ్ డ్రైవ్, అందులో స్మార్ట్ డేటా, అంటే డిస్క్ ఆరోగ్యం వివరాలు. అక్కడ రెండు అంకెలు చాలు: రీఅలాక్స్, పెండింగ్ సెక్టార్స్. రెండూ సున్నా ఉంటే శుభం. మొదటిది కాస్త ఉంటే డిస్క్ కొన్ని చెడ్డ చోట్లని పక్కన పెట్టి నెట్టుకొస్తోందని. రెండోది పెరుగుతూ పోతోందంటే రోజులు దగ్గరపడ్డట్టే. నా దాంట్లో రెండూ సున్నా కావు. అమ్మినాయనకి ఫోన్ చేస్తే "అన్నీ టెస్ట్ చేసే ఇచ్చాం సార్, పాట వస్తోంది కదా" అన్నాడు. పాట వస్తోంది, నిజమే. అంతకుముందే ఎక్కి ఉన్న పాట రావడం వేరు, కొత్త పాట ఎక్కడం వేరు. అమ్మేవాళ్లు మొదటిది వినిపించి ఊరుకుంటారు.

విండోస్‌లో ఎర్రర్ చెకింగ్ నడిపితే జాబితా చెదిరిన కేసులు కొన్ని బాగవుతాయి. ఆపిల్ గుర్తు వచ్చినప్పుడు మధ్య బటన్, ప్లే బటన్ కలిపి పట్టుకుంటే డిస్క్ మోడ్‌లోకి వెళ్తుంది, ఐట్యూన్స్ అసలు గుర్తుపట్టనప్పుడు అక్కడి నుంచి రిస్టోర్ చేయొచ్చు. ఇవి డిస్క్ ఆరోగ్యంగా ఉన్నప్పుడు పనికొచ్చే ఉపాయాలు. అరిగిపోయిన డిస్క్‌కి ఎన్ని రిస్టోర్‌లు కొట్టినా నాలుగు రోజులు బాగుండి మళ్లీ మొదటికొస్తుంది.

కాబట్టి డిస్క్ తీయించేసి ఎస్‌డీ కార్డు పెట్టించాను. ఇందుకోసం ఐఫ్లాష్ అని చిన్న అడాప్టర్ బోర్డులు దొరుకుతాయి, హార్డ్ డిస్క్ ఉండే చోట అది కూర్చుంటుంది, దానికి మెమరీ కార్డు. చెప్పడానికి తేలికే, క్లాసిక్‌ని తెరవడం మాత్రం నరకం. ముందు భాగం కూడా లోహమే, చుట్టూ గట్టి క్లిప్పులు, కొంచెం బలం ఎక్కువైతే వెనక మెరిసే రేకు సొట్టపోతుంది, పోయిందంటే మళ్లీ సరిగా మూసుకోదు. సికింద్రాబాద్‌లో పాత కెమెరాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను, "ఇదా, దీనికి చెయ్యి కాదు బాబూ, ఓపిక కావాలి" అని సన్నటి రేకు ముక్కలు చుట్టూరా ఒక్కొక్కటే దూరుస్తూ తెరిచారు. ఒక మూల చిన్న సొట్ట పడింది, నాకు అభ్యంతరం లేదు. మీరు చేయిస్తే బ్యాటరీ కూడా అప్పుడే మార్పించేయండి, మళ్లీ తెరిచే పని పెట్టుకోవద్దు. కార్డు మాత్రం నమ్మకమైన చోట కొనాలి, 256 జీబీ అని రాసి లోపల అందులో సగం కూడా లేని దొంగ కార్డులు మార్కెట్ నిండా ఉన్నాయి. బిగించేముందే కంప్యూటర్‌లో పెట్టి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌తో కార్డంతా ఒకసారి రాసి చదివించి చూడండి. గంటలు పడుతుంది, పట్టనివ్వండి.

మార్చాక రిస్టోర్ చేసి, మాన్యువల్ టిక్ పెట్టి, పాటలు పంపాను. ఒక్కచోట కూడా ఆగలేదు. బరువు తగ్గింది, లోపల తిరిగే శబ్దం లేదు, చార్జింగ్ ఎక్కువ సేపు నిలుస్తోంది. చేతి నుంచి జారినా గుండె ఆగినంత పని అవ్వట్లేదు ఇప్పుడు.

ఐట్యూన్స్ అంటేనే పడనివాళ్లకి దారులున్నాయి. విండోస్‌లో ఫూబార్2000కి ఒక ప్లగిన్ ఉంది, మీడియామంకీ ఉంది, లినక్స్‌లో రిథమ్‌బాక్స్ ఉంది, ఇవి కూడా ఆ జాబితా ఫైలు రాయగలవు. ఇంకాస్త తెగించేవాళ్లు రాక్‌బాక్స్ వేసుకుంటారు, ప్లేయర్ లోపలి సాఫ్ట్‌వేరే మార్చేస్తుంది, ఇక ఫోల్డర్లు కాపీ చేస్తే చాలు, సింక్ అనే మాటే ఉండదు. ఐపాడ్ మామూలుగా ముట్టుకోని ఫ్లాక్, ఓగ్ అనే రకాల పాటల ఫైళ్లు కూడా పాడుతుంది. నేను వేసి చూసి తీసేశాను, ఆ మెనూలు చూస్తే వాషింగ్ మెషిన్ మాన్యువల్ చదువుతున్నట్టుంది. ఫ్లాక్ పాటలుంటే ఆపిల్ లాస్‌లెస్‌లోకి మార్చుకుంటే క్వాలిటీ ఏమీ తగ్గదు, అంతదానికి రాక్‌బాక్స్ అక్కర్లేదు.

ఒక పిడకల వేట: మన పాత తెలుగు ఎంపీ3లు ఎక్కించేముందు ట్యాగులు, అంటే ఫైల్లో రాసి ఉండే పాట వివరాలు, బాగుచేసుకోండి. ఆల్బమ్ పేరు ఉండాల్సిన చోట వెబ్‌సైట్ పేరు, గాయకుడి పేరు ఉండాల్సిన చోట కూడా వెబ్‌సైట్ పేరు. అలాగే ఎక్కిస్తే వెయ్యి పాటలూ ఒకే ఆల్బమ్ కింద కుప్పపడతాయి, పాటలు ఎక్కలేదేమో అనుకుని సింక్‌ని తిడతారు. ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఒకేసారి వందల ఫైళ్లు సరిచేయొచ్చు.

కొనడానికి వెళ్లేటప్పుడు ల్యాప్‌టాప్, మంచి కేబుల్ వెంట తీసుకెళ్లండి. ఒక జీబీ పాటలైనా అమ్మేవాళ్ల ముందే ఎక్కించి చూడండి, వద్దన్నారంటే లేచి వచ్చేయండి. సెట్టింగ్స్‌లో అబౌట్‌లోకి వెళ్లి మోడల్ నంబర్ చూడండి. ఎంసీ293 వెండి రంగు, ఎంసీ297 నలుపు, ఈ రెండూ 2009వి, కావాల్సినవి ఇవే. ఎంబీ145, ఎంబీ150 అని ఉంటే అది 2007 నాటి మందపాటి 160 జీబీ. "160 జీబీయే కదా సార్, ఏదైతేనేం" అంటారు, ఒకటి కాదు. ఎస్‌డీ కార్డు పెట్టించే ఉద్దేశం ఉంటే ఆ మందపాటిది తీసుకోకండి.